పొట్టలో చుక్క

బుధవారం, ఆగస్టు 21.
పొద్దున ముసురు, మధ్యాహ్నానికి తెరిపి. షాపు రేకు కారుతున్న చోట తారు పూశాను.

గౌరవనీయురాలైన అక్కకి, తమ్ముడు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం.

పైన రాసిన ముక్కలు ఉత్తరానికి సంబంధించినవి కావు. రోజూ చిట్టా రాసే చెయ్యి కదా, కలం పట్టుకోగానే ముందు తేదీ, వాన, చేసిన పని రాసేసింది. కొట్టేస్తే మొదట్లోనే కొట్టివేత బాగుండదని ఉంచేశాను. ఇక్కడ నేను, నీ మరదలు కులాసా. అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని తర్వాతి వాక్యం రాయాలి. బావగారి ఉత్తరం నిన్ననే చదివాను కనక అది రాయడం లేదు.

ఫోను చేయలేదని అనుకోకు. ఫోనులో నీకిప్పుడు మాట రాదు, నాకు ఎప్పుడూ రాదు. ఇద్దరం చెరో వైపు ఊపిరి వింటూ కూర్చుంటాం, డబ్బు మాత్రం పోతుంది. ఉత్తరమే మనకి నయం. దీన్ని బావగారు నీకు చదివి వినిపిస్తారని తెలుసు. బావగారూ, మీరు పేపరు చదివినట్టు గబగబా చదవకండి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అక్క మొహం చూసి, తర్వాతిది చదవండి. మధ్యలో మీ సొంత వ్యాఖ్యానాలు కలపకండి. కలుపుతారని నాకు తెలుసు.

ఎండాకాలంలో నీకు ఆ జబ్బు చేసి మాట పడిపోయినప్పుడు, చెయ్యీ కాలూ తిరిగి రావడమే గొప్ప అన్నాడు డాక్టరు. అవి వచ్చాయి. మాటలు కూడా ఒకటీ అరా వస్తున్నాయి. మాటలు నేర్పే క్లినిక్‌కి వారానికి రెండుసార్లు వెళ్తున్నావు, మెల్లగా కుదురుకుంటుందిలే అనుకున్నాను. బావగారి ఉత్తరం చూస్తే మూడు వారాలుగా నువ్వు వెళ్ళడం లేదట. వెళ్దాం, లే అంటే గోడవైపు తిరిగి పడుకుంటున్నావట. ఈ నెలల్లో రాని మాట ఆ తర్వాత రావడం కష్టమని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడట. అక్కడ నేర్పే అమ్మాయి చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అరిచి, చివర అర్థమైందా అమ్మా అని అడుగుతుందనీ, నువ్వు తలూపేసి వచ్చేస్తున్నావనీ, కారణం అదే అయ్యుంటుందనీ బావగారు రాశారు.

వెళ్ళు అని నేను రాయను. బడికి రమ్మని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లాక్కొచ్చినదానివి నువ్వు. అసలు బడి గడపే తొక్కనివాణ్ణి నేను. అక్షరాలు నేర్పుతానని నువ్వు పలక పట్టుకుని వెంటపడితే పౌరుషానికి పోయి, తీగ చుట్టల మీది లేబుళ్ళు, కొట్ల మీది బోర్డులు చూసి సొంతంగా కూడబలుక్కున్నాను. నువ్వు అందరికీ చదువు చెప్పావు, ఇంట్లో ఉన్న ఒక్కడికి తప్ప. అలాంటివాడు నీకు సలహా చెప్తే నవ్వుతావు. నవ్వినా మంచిదే గానీ, అందుకు వేరే సంగతి ఉంది. అది చెప్తాను.

శిక్షణ కేంద్రంలో సాయంత్రాలు మోటారు వైండింగ్ నేర్పడానికి ఒప్పుకున్నానని నీకు తెలుసు. ముందున్నాయన వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. అక్కడి సూపర్‌వైజరు మా షాపుకి పంపు బాగుచేయించుకోవడానికి వచ్చి, మేస్త్రీ, నువ్వే రారాదూ అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే నీ మరదలు గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికే నోరు రాదు ఈయనకి, అక్కడ పాఠం చెప్తారట, నేనూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను, కనీసం అక్కడైనా ఈయన గొంతు వినొచ్చు అంది.

మొదటిరోజు గొంతు నిజంగానే రాలేదు. ఎదురుగా డజను మంది. ఎవరి పని వాళ్ళు చేసుకుని సాయంత్రం వచ్చి కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో ఇద్దరి గురించే నీకు చెప్పాలి. ముందు వరసలో మీసాలాయన, పగలు ఓ గోదాముకి కాపలా. నేను నోరు తెరవకముందే అవున్సార్ అనేవాడు. క్లాసులో అందరూ ఆయన్ని అవున్సార్ అనే పిలుస్తారు, పిలిస్తే అవున్సార్ అనే పలుకుతాడు. వెనక, తలుపు పక్కన దర్జీ ఆవిడ. కొట్లో కొనే బట్టలు చవకయ్యాక ఆవిడకి కుట్టించుకునేవాళ్ళు తగ్గారట. కుట్టుమిషన్లకి పెట్టే మోటార్లు బాగుచేసే పని నేర్చుకుంటే ఇల్లు గడుస్తుందని వచ్చింది. ఎవరితోనూ మాట్లాడదు. తలుపు పక్కన ఎందుకంటే, తొందరగా లేచి వెళ్ళిపోవచ్చని.

ఈ పని సంగతి నీకు కాస్త చెప్పాలి, లేకపోతే ముందుకు పోదు. మోటారు గుల్ల లోపల చుట్టూ గాడులుంటాయి. రాగి తీగని చుట్టలుగా చుట్టి వాటిలో కూర్చోబెట్టాలి. అది చేతి పని, ఓపిక ఉంటే వస్తుంది. ఆ తర్వాత చుట్టల చివరలు ఏది దేనితో కలవాలో చూసి కలపాలి. అది బుర్ర పని. ఒక్కటి తిరగబడిందంటే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. చూస్తూ ఊరుకుంటే కాసేపటికి పొగ.

నేను చెప్పడం, చివర అర్థమైందా అని అడగడం, వాళ్ళు అర్థమైంది సార్ అని ఒక్క గొంతుతో అనడం. నాకు పాఠం చెప్పడమంటే ఇంతే అనిపించింది. అక్కా, నీకు దాచడమెందుకు, ఆ మాట వింటే వాన రోజున వేడి కాఫీ కడుపులోకి దిగినట్టు ఉండేది. డజను తలలు ఊగుతుంటే నాకు మాట కూడా బాగానే వస్తోందనుకున్నాను. ఇంటికెళ్ళి నీ మరదలికి, చూశావా అన్నట్టు మొహం పెట్టాను.

రెండో వారం చివర ఒక్కొక్కరికి ఒక పాత మోటారు ఇచ్చి మీరే చుట్టండి అన్నాను. కరెంటు ఇచ్చాం. ఒక్కటీ తిరగలేదు. అన్నీ కలిసి మూలిగాయి. అవున్సార్‌ది ముందు పొగ పెట్టింది. గదంతా తీగ మీది వార్నిష్ కాలిన వాసన. నేను స్విచ్చి ఆపి, ఇన్నాళ్ళూ అర్థమైందన్నారు కదయ్యా అన్నాను. అర్థమైంది సార్ అన్నారు మళ్ళీ.

అప్పుడు నాకు కోపం వచ్చింది, ఆ కోపంలో ఓ ఆలోచన కూడా వచ్చింది. ముందు వరసవాడు అరిస్తే వెనకవాళ్ళు అరుస్తున్నారు, అదీ చిక్కు అనుకున్నాను. ఇక నోటితో వద్దు, చీటీ మీద రాసి ఇవ్వండి అన్నాను. రాసిచ్చారు. అన్నిటిలోనూ అదే మాట. ఒక్క దర్జీ ఆవిడ చీటీలో మాత్రం వేరుగా ఉంది. అర్ధమైంది అని రాసింది, థకి ఉండాల్సిన పొట్టలో చుక్క లేకుండా.

నా చదువు సంగతి నీకు తెలుసు కదా. మా షాపులో ఆ మాట రోజూ వాడేదే. అర్ధ హార్స్‌పవర్ మోటారు అని చీటీ కట్టి అరలో పెడతాను. అర్ధం అంటే నాకు సగం. కాబట్టి నేను చదివింది చదివినట్టే తీసుకున్నాను. సగం అయింది అని రాసింది ఈవిడ, ఇంతమందిలో ఈవిడొక్కతే నిజం రాసింది అనుకున్నాను. తలెత్తి, మీకు సగం అయిందన్నారు కదా, ఏ సగం అమ్మా అని అడిగాను.

క్లాసంతా వెనక్కి తిరిగి ఆవిడ్ని చూసింది. ఆవిడ ఒక చెయ్యి తలుపు మీద పెట్టింది. లేచి వెళ్ళిపోతుందేమో అనిపించింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మీ బడిలో ఫ్యాను బిగించడానికి నేనొకసారి వచ్చాను, నీకు గుర్తుందో లేదో. నేను నిచ్చెన మీద, కింద నీ పాఠం. నువ్వొక పిల్లని ఏదో అడిగావు. ఆ పిల్ల బిగుసుకుపోయింది. నువ్వు వెంటనే వీపు తిప్పి బోర్డు తుడవడం మొదలుపెట్టావు. పైనుంచి చూస్తున్నాను, బోర్డు మీద తుడవడానికి ఏమీ లేదు. అయినా ఒక మూల నుంచి ఇంకో మూలకి నెమ్మదిగా తుడుస్తూనే ఉన్నావు. చివరికి ఆ పిల్ల నీ వీపుకే జవాబు చెప్పింది. అప్పుడు నాకు ఎందుకో తెలియలేదు. ఆలోచించేవాళ్ళ మొహంలోకి చూస్తూ నిలబడకూడదని ఇప్పుడు తెలిసింది.

నేను కూడా వెనక్కి తిరిగి, అలమరలో పటకారు వెతికాను. పటకారు నా జేబులోనే ఉంది. వెతుకుతూనే ఉన్నాను. కాసేపటికి వెనకనుంచి సన్నగా వినిపించింది. చుట్టడం వచ్చింది సార్, దారం చుట్టినట్టే ఉంది, చివరలు కలపడం మాత్రం మొదటిరోజు నుంచీ తెలియలేదు అంది. తర్వాత నాతో చెప్పింది, నా లోపలి సంగతి ఈయనకెలా తెలిసిపోయిందా అని భయపడ్డానని. చీటీలో ఏం రాసిందో ఆవిడకీ తెలియదు. నేను చదివింది తప్పుగా చదివానని నాకూ తెలియదు.

ఆవిడ అలా అనగానే అవున్సార్ లేచి, సార్, నాదీ సగమే, నా చీటీ ఇలా ఇవ్వండి, చుక్క తీసేస్తాను అన్నాడు. ఇంకొకరు, నాకు సగం కూడా కాదు సార్, పావు అన్నారు. ఎవరో, పావుకి ఏ అక్షరం పెట్టాలి సార్ అన్నారు. అందరూ నవ్వారు. రెండు వారాల్లో ఆ గదిలో నవ్వు వినడం అదే మొదలు. చీటీలన్నీ వెనక్కి ఇచ్చాను. దాదాపు అందరూ చుక్క చెరిపేశారు.

ఆ రోజు చివరలు కలపడం ఒక్కటే చెప్పాను. ఒకసారి చెప్పి, ఎవరికి ఎక్కడ తెగిందో అడిగి, తెగిన చోటి నుంచి మళ్ళీ. దర్జీ ఆవిడ, ప్యాంటుకి కాళ్ళు అతికేటప్పుడు ఒకటి తిరగేసి అతికితే ఎలా ఉంటుందో ఇదీ అంతే కదా సార్ అంది. అంతకన్నా బాగా నాకు చెప్పడం రాదు. ఇప్పుడు నేనూ ప్యాంటు కాళ్ళతోనే చెప్తున్నాను.

అప్పటి నుంచి బోర్డు మీద రెండు మాటలు పక్కపక్కన రాసి పెట్టాం. ఇటు అర్థమైంది, అటు అర్ధమైంది. పాఠం అయ్యాక ఏది ఎటు వెళ్తుందో వాళ్ళే చెప్తారు. నోటితో చెప్పడానికి ఇష్టం లేనివాళ్ళు చెయ్యి ఛాతీ దాకా ఎత్తితే చాలు, సగమని లెక్క. గోల పెరిగింది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్తుంటారు, కొట్టుకుంటారు, మళ్ళీ నన్ను పిలుస్తారు.

పోయిన వారం సూపర్‌వైజరు ఆ గోల విని తలుపు తోసుకుని వచ్చాడు. ఏంటి మేస్త్రీ, ఇది క్లాసా, బస్టాండా అన్నాడు. బోర్డు చూశాడు. చూసి, ఒకే మాట రెండుసార్లు రాశావేంటి, రెండోది తప్పు కూడాను, పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే కేంద్రం పరువేం కాను అన్నాడు. సుద్దముక్క తీసుకుని రెండో మాటలో చుక్క పెట్టాడు. మనవాళ్ళంతా ఇలాగే రాస్తారు, అర్థానికీ అర్ధానికీ తేడా తెలియకుండా అన్నాడు. ఆయనకి కోపం లేదు, అలవాటుగా అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, దర్జీ ఆవిడ రాసింది అక్షరదోషమని. ఆవిడకీ అప్పుడే తెలిసింది. ఆవిడ నాలుగో తరగతిలో బడి మానేసిందట. బోర్డు మీద ఏదో తప్పు రాస్తే పంతులుగారు అందర్నీ పిలిచి చూపించారట, అందరూ నవ్వారట, మర్నాటి నుంచి ఇంట్లోనే. ఈ సంగతి నాకు అంతకుముందే చెప్పింది. ఇప్పుడు మళ్ళీ ఆ చెయ్యి తలుపు మీదికి వెళ్ళడం చూశాను. నేను ఏదో ఒకటి అనాలి. నీ తమ్ముడి నోరు నీకు తెలుసు. ఒక్క ముక్క రాలేదు.

అవున్సార్ లేచాడు. జీవితంలో మొదటిసారి, కాద్సార్ అన్నాడు. అంతే అన్నాడు, తర్వాత ఏమనాలో ఆయనకీ తెలియలేదు. దర్జీ ఆవిడ తలుపు వదిలి బెంచీల మధ్యనుంచి బోర్డు దగ్గరికి నడిచి వచ్చింది. బొటనవేలితో ఆ చుక్క తుడిచేసింది. తప్పే రాశాను సార్, కానీ ఇది ఇప్పుడు తప్పు కాదు, ఈ గదిలో మాకిది వేరే మాట అంది. నెమ్మదిగానే అంది.

సూపర్‌వైజరు బోర్డు వంక, ఆవిడ వంక, నా వంక చూశాడు. సరేనమ్మా, మీ మాట మీది, తలుపు మాత్రం వేసుకోండి, ఆఫీసులో ఫోను వినపడటం లేదు అన్నాడు. నిన్న పైనుంచి వచ్చిన కొత్త కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏం రాశారండీ ఇందులో అని అడిగితే, తల గోక్కుని, మీ భాషలో చెప్పాలంటే చుక్క లేదు మేస్త్రీ అన్నాడు. మంచి మనిషే.

దర్జీ ఆవిడ మోటారు సోమవారం తిరిగింది. చప్పుడు లేకుండా తిరిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వార్నిష్ ఘాటు అంది. ఇప్పుడు రెండో వరసలో కూర్చుంటోంది.

అక్కా, ఆ క్లినిక్ అమ్మాయి మీద నాకు కోపం రావడం లేదు. చిన్నపిల్ల, పనికి కొత్త అని బావగారు రాశారు. నాలాగే అయ్యుంటుంది. ఎదుటి తల ఊగితే హాయిగా ఉంటుంది, చెప్పేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి. నువ్వు ఊపావు, ఆమె సంతోషపడింది. ఇంకో రకంగా చేయడం ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటుంది. నాకు డజను మంది చూపించారు. ఆమెకి నువ్వు చూపించగలవు. ఎప్పుడైనా వెళ్తే, ఆమె అర్థమైందా అన్నప్పుడు తలూపకు. చెయ్యి ఛాతీ దాకా ఎత్తు. ఆమెకి తెలియకపోతే బావగారు చెప్తారు. బావగారూ, అదొక్కటీ చెప్పండి, మిగతా ఉపన్యాసం వద్దు.

నీ మరదలు నమస్కారాలు చెప్పమంది. నా గొంతు వినడానికి క్లాసుకి వస్తానన్న మనిషి ఇంకా రాలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. బావగారూ, ఇక్కడితో ఆపండి. ఈ కింది ముక్క అక్క చేతికివ్వండి. తనే చదువుకుంటుంది. పెద్ద అక్షరాలతో రాశాను.

అక్కా,

నువ్వు మానేసింది ఆ అమ్మాయి వల్ల కాదని నాకు తెలుసు.

మూడు వారాల కిందట నేను వచ్చాను. బావగారు మందులకి వెళ్ళారు. నువ్వు నా మణికట్టు పట్టుకున్నావు. చాలాసేపు చెప్పావు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నావు. నీకు చెమట పట్టింది.

నేను తలూపాను. అర్థమైందక్కా, నేను చూసుకుంటాలే అన్నాను.

నువ్వు నా మొహం చూశావు. నా చెయ్యి వదిలేశావు.

మర్నాడే నువ్వు క్లినిక్‌కి వెళ్ళాల్సిన రోజు. నువ్వు వెళ్ళలేదు.

నాకు ఒక్క ముక్క తెలియలేదక్కా. నీకూ తెలుసు నాకు తెలియలేదని.

ఆదివారం వస్తున్నాను. ఆ మాటే చెప్పు. రాకపోతే ఆగు. మళ్ళీ మొదలుపెట్టు. తెలియకపోతే తెలియలేదంటాను.

బస్సుకి వచ్చే టికెట్టు ఒక్కటే కొన్నాను. తిరుగు టికెట్టు కొనలేదు.